మాటల లెక్క: భద్రిరాజు కృష్ణమూర్తిగారి భాషాపరిశోధనము

పండితుని కృషిని కొలుచుటకు నేడు లోకమున రెండు కొలబద్దలు వాడుకలోనున్నవి. అతడెన్ని గ్రంథములు, ఎన్ని వ్యాసములు ప్రకటించెననునది మొదటిది. ఇతరులు తమ వ్రాతలలో అతని పేరెన్నిమారులు స్మరించిరనునది రెండవది. విశ్వవిద్యాలయములు పదవులిచ్చునపుడును, ప్రభుత్వములు పరిశోధనలకు ద్రవ్యమిచ్చునపుడును ఈ రెండు లెక్కలనే ముందుగా చూచుచున్నవి. ఇవి నిరర్థకములని మేమనము. కాని కుంచము ధాన్యమెంతయో చెప్పును. అది మేలిధాన్యమో తాలు గింజలో చెప్పజాలదు. ఆ ధాన్యము ఎవరి కడుపు నింపెనో అసలే చెప్పజాలదు. భాషాశాస్త్రము విషయమున ఈ లోపము మరింత స్పష్టముగా గానవచ్చును. ఏలయన, ఆ శాస్త్రమునకు ముడిసరకు జనుల నోటిమాట. కావున ఏ జనుల నోటినుండి మాట గైకొనబడినదో వారికి తిరిగి చేరినదేమి అను మూడవ కొలతయు ఒకటి యుండవలెను. ఈ మూడు కొలతలతోను కీర్తిశేషులు భద్రిరాజు కృష్ణమూర్తిగారి పరిశోధనమును, అందు ముఖ్యముగా మాటలను లెక్కించి భాషల చుట్టరికమును నిర్ణయించిన వారి కృషిని, పరిశీలింపదలచితిమి.

కృష్ణమూర్తిగారు 1928లో ఒంగోలున జన్మించిరి. విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున తెలుగు చదివి, 1949లో అచటనే అధ్యాపకులైరి. 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిరి. 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రశాఖను నెలకొల్పి పెంచిరి. 1986 మొదలు 1993 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 2012లో హైదరాబాదున పరమపదించిరి. వారి జీవితములో అధికభాగము రాజధానీనగరమున గడచినను, వారి శాస్త్రమునకు వేరు విశాఖలోనే యున్నదని మా తలంపు. ఆ నగరమునకు ఒకవైపున సముద్రము, మరియొకవైపున కొండలు. 1933లో తెరవబడిన రేవు దేశాంతరముల సరకును, మనుష్యులను, మాటలను గొనివచ్చినది. తూర్పుకనుమలలోని అరకులోయ ఇంకను గ్రంథస్థముగాని ప్రాచీనభాషలను దాచియుంచినది. తెలుగు పండితుడు సాధారణముగా తెలుగు కావ్యములను చూచును, లేదా సంస్కృతమువైపు తిరుగును. కొండవైపు తిరిగినవారు మిక్కిలి అరుదు.

అటు తిరిగినవారిలో ఆద్యులు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో నుండి వారు సవరభాషను సవరలనుండియే నేర్చి, 1931లో ఆ భాషకు ఆంగ్లమున ఒక బోధినిని ప్రకటించిరి. తరువాత నిఘంటువులును కూర్చిరి. సవర ద్రావిడభాష కాదు. అది ముండాకుటుంబమునకు చెందినది. అయినను పంతులుగారు చూపిన మార్గమొకటి కలదు. లిపిలేని భాష నీచమైనది కాదు, దానికిని వ్యాకరణము కలదు, దానిని మాటలాడువాని యెదుట శిష్యుడై కూర్చుండినగాని అది మనకు రాదు అనునదే ఆ మార్గము. కృష్ణమూర్తిగారు అదే మార్గమున అరకుప్రాంతపు కొండదొరల భాషను పరిశోధించిరి. ఆ జనులు తమ భాషను కూబి అందురు. దాని పాఠములను, వ్యాకరణమును, పదకోశమును చేర్చి 1969లో వారు ప్రకటించిన గ్రంథము పరిమాణమున పెద్దది కాకున్నను, వారి కృతులలో మేము మిగుల గౌరవించునది. ద్రావిడ మూలభాషయందుండి, సోదరభాషలు పెక్కింట ఇతరధ్వనులలో కలిసిపోయిన ఒక రేఫధ్వనిని కూబి నేటికిని వేరుగా నిలుపుకొన్నది. కవిత్రయము పుట్టుటకు ఎంతో పూర్వపు ఉచ్చారణమును కొండపొలము దున్నుకొను రైతు నాలుకపై వినవచ్చుననుట మన పండితగర్వమునకు మంచి మందు.

తెలుగునకు చుట్టములెవరు అను ప్రశ్న పాతది. 1816లో చెన్నపట్టణమున ఎల్లిసుదొర తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదని నిరూపించెను. 1856లో కాల్డ్వెల్లు ద్రావిడభాషల తులనాత్మకవ్యాకరణమును వ్రాసెను. అప్పటినుండి తెలుగును తమిళ కన్నడములచెంత కూర్చుండబెట్టుట విద్వాంసులకు అలవాటైనది. సాహిత్యముగల భాషలు ఒక పంక్తి, సాహిత్యములేని భాషలు వేరొక పంక్తి. ఇది భోజనపంక్తులలోని భేదమువంటిదేగాని శాస్త్రభేదము కాదు. 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ప్రకటించిన తెలుగు ధాతువుల గ్రంథమున కృష్ణమూర్తిగారు ఈ పంక్తులను కలిపివేసిరి. తెలుగు తన పుట్టుకచేత గోండి, కొండ, కుయి, కువి భాషలతో ఒక తెగకు చెందినదని వారు ధ్వనిమార్పుల సాక్ష్యముతో చూపిరి. తరువాత వెలుగులోనికి వచ్చిన పెంగో, మండ భాషలును ఆ తెగలోనివే. ఈ తెగకు దక్షిణమధ్యద్రావిడమని పేరు నిలిచినది. తెలుగువాడు తన రక్తబంధువులను తంజావూరునగాక అరకులోను, కోరాపుటులోను, బస్తరులోను ముందు వెదకవలెనని దీని తాత్పర్యము. ఈ ఫలితముయొక్క సాంఘికార్థమును మన దేశము ఇప్పటికిని పూర్తిగా గ్రహించినదని మేము తలంపము.

ఇక ఆ సాక్ష్యమేమో చూతము. అది పండితులకుమాత్రమే తెలియు రహస్యము కాదు. వంటయింటిలోను పెరటిలోను దొరకునదే. తమిళులు ఉరల్ అందురు, మనము రోలు అందుము. వారు ఇరండు అన్నచో మనము రెండు అందుము. వారి విరల్ మన కావ్యములలో వ్రేలు, మన వాడుకలో వేలు. వారి మరం మనకు మ్రాను, పిదప మాను. తమిళమున అచ్చు వెనుక నున్న రేఫము తెలుగున ముందునకు దూకినది. నాలుకకొనతో పలుకు ర, ల, డ మున్నగు హల్లులకే ఈ దూకుడు కలదు. దీనికి శాస్త్రకారులు వర్ణవ్యత్యయమని పేరిడిరి. ఇదియే మార్పు కుయి, కువి, పెంగో, మండ, గోండి, కొండ భాషలలోను కొంతకొంత కలదు. తమిళ కన్నడములలో సామాన్యముగా లేదు. అయితే విచిత్రమేమన, అట్టి అమరికగల ప్రతిమాటయు మారలేదు. మన భాషలోనే ఎలుక ఎలుకగానే యున్నది. ఉడుము ఉడుముగానే యున్నది. రోలు ఎందులకు మారవలెను, ఉడుము ఎందులకు నిలువవలెను?

ఈ చిన్న ప్రశ్నలో పెద్ద వివాదమొకటి యిమిడియున్నది. 1870 ప్రాంతమున లైప్జిగునగరపు పండితులు, ధ్వనిమార్పు కలిగినచో నియమము తప్పక అట్టి మాటలన్నిటికిని ఒక్కమారుగా కలుగునని సిద్ధాంతము చేసిరి. 1969లో విలియం వాంగు అను చీనాసంతతి శాస్త్రజ్ఞుడు, అట్లు కాదు, మార్పు ఒక మాటనుండి మరియొక మాటకు క్రమముగా ప్రాకునని వాదించెను. ఈ పూర్వపక్ష సిద్ధాంతముల నడుమ 1978లో అమెరికా భాషాశాస్త్రపరిషత్తువారి ‘లాంగ్వేజి’ పత్రికలో కృష్ణమూర్తిగారి వ్యాసము వెలువడినది. దక్షిణమధ్యద్రావిడ భాషలలో ఈ వర్ణవ్యత్యయము ఏ మాటకు సోకినది, ఏ మాటకు సోకలేదు, ఏ మాట రెండురూపములతోను ఊగిసలాడుచున్నది అని వారు భాషవారీగా పదము వెంట పదము లెక్కించిరి. ఆ మార్పు శతాబ్దముల పర్యంతము మాటమాటకు ప్రాకుచు వచ్చినదని తేల్చిరి. లోకమునందలి భాషాశాస్త్రమున ఒక మూలసూత్రముయొక్క చర్చకు, లిపిలేని కొండభాషలు సాక్షులై నిలిచినవి. ఇది సామాన్యవిషయము కాదు.

అక్కడితో ఆగినచో వారు మంచి శాస్త్రజ్ఞులలో ఒకరుగా నుండెడివారు. 1983లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు గణాంకశాస్త్రజ్ఞుడు లింకన్ మోజెసుతోను, డగ్లసు డాన్‌ఫోర్తుతోను గూడి అదే పత్రికలో వారు ప్రకటించిన వ్యాసము మరియొక మెట్టెక్కినది. మారని మాటలే భాషల శాఖావిభాగమునకు ప్రమాణమని వారు అందు ప్రతిపాదించిరి. దీనిని మన పాఠకులకు తెలుపుటకు తాళపత్రప్రతుల పరిష్కరణమును ఉపమానముగా గైకొందుము. ఒక కావ్యమునకు ఆరుప్రతులు దొరకినవనుకొనుడు. ఒక పద్యమున లేఖకుడొకడు తప్పు వ్రాసినచో, ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటను ఆ తప్పే యుండును. కాని తరువాతి ప్రతులలో ఒక్కదానియందైనను శుద్ధపాఠము నిలిచియుండెనేని, వాటికి మూలమైన ప్రతిలో తప్పు ఇంకను ప్రవేశించలేదని తెల్లమగును. భాషలకును అంతే. మారిన రూపము మరల వెనుకటిరూపమునకు పోదు. కావున ఒక కూతురుభాషలో పాతరూపము నిలిచియున్నయెడల తల్లిభాషలోను అది నిలిచియే యుండెను. మారిన కూతురుభాషలు ఆ మార్పును తమంతట తాము తరువాత పొందినవి. మారినదానికంటె మారనిదే బలవత్తరమైన సాక్షి. ఇంత సరళమైన యుక్తి అంతకుముందు ఈ రూపమున ఎవరికిని తట్టకపోవుట ఆశ్చర్యము.

ఇక లెక్క. గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అను ఆరుభాషలను, వాటియందలి 63 సోదరపదసముదాయములను వారు గైకొనిరి. ఒక తల్లినుండి జంటజంటలుగా చీలినవని యెంచినచో, మూడు భాషలకు మూడు విధముల వంశవృక్షములు గీయవచ్చును. నాలుగింటికి 15, అయిదింటికి 105, ఆరింటికి 945. భాషలు పదియైనచో ఆ సంఖ్య 3,44,59,425 వరకు పెరుగును! చేతితో గీచి చూచుట మానవసాధ్యము కాదు. కావున గణనయంత్రము సాయమైనది. ప్రతివృక్షమునందును ఒక్కొక్క పదమునకు కనీసము ఎన్ని వేరువేరు మార్పులు జరిగియుండవలెనో లెక్కించి, అన్నిపదముల మొత్తమును కూడిరి. ఏ వృక్షమునకు మొత్తము తక్కువయో అదియే సత్యమునకు దగ్గర. అట్లు తేలిన వృక్షమున మొదట గోండి వేరుపడినది, పిదప కొండ, ఆ పిమ్మట కుయికువులు ఒక జంటగాను, పెంగోమండలు మరియొక జంటగాను విడిపోయినవి. పూర్వము తులనాత్మకపద్ధతిచే పండితులు గీచిన వృక్షముతో ఇది సరిపోయినది.

ఇట్లు సరిపోయినందున దీని విలువయేమి, తెలిసినదానినే యంత్రము మరల చెప్పెనుగదా అని యడుగువారుందురు. మా సమాధానమిది. తులనాత్మకపద్ధతిలో పండితుని అభిరుచికి చోటు కలదు. ఏ మార్పు ముఖ్యము, ఏది అముఖ్యము అని నిర్ణయించునది అతని మనస్సు. శిష్యుడు గురువుమాటను నమ్మవలసినదేగాని పరీక్షింపజాలడు. లెక్కలో అట్లు కాదు. పదములపట్టిక యెదుటనున్నది, సూత్రము యెదుటనున్నది, ఎవడైనను కూడి చూడవచ్చును, తప్పైనచో తప్పని చూపవచ్చును. గురువుగారి తీర్పును శిష్యుడు తిరిగి విచారింపగల స్థితికి శాస్త్రమును తెచ్చుట ఒక సంస్కారము. మన పాండిత్యములో ఆప్తవాక్యమునకున్న ప్రాబల్యమును తలంచిన, ఈ సంస్కారము మనకెంత యవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే విమర్శ పొగడ్తతో ముగియరాదు. ఈ పద్ధతియందు మాకు మూడు సందేహములు కలవు. మొదటిది, లెక్క యంతయు ఒకే మార్పుపై నిలిచినది. ఆ మార్పును ఎన్నుకొన్నది పండితుడే. ఆ తెగకు అదియే ముఖ్యలక్షణమని పూర్వమే నిర్ణయించినదియు అతడే. అటువంటిచో లెక్క పాతతీర్పును స్వతంత్రముగా బలపరచెననుటకంటె, ఆ తీర్పులో నొక భాగమును సూక్ష్మముగా పరీక్షించెననుట న్యాయము. రెండవది, అన్ని భాషలకును సాక్ష్యము సమానముగా లేదు. గోండిని గూర్చి శతాబ్దకాలమునుండి వ్రాయుచున్నారు. మండభాష పండితలోకమునకు తెలిసినదే 1960 తరువాత. దొరకని మాటను మారని మాటగను లెక్కింపరాదు, మారిన మాటగను లెక్కింపరాదు. అది లెక్కలో ఖాళీగానే యుండును. ఖాళీలు హెచ్చినకొలది తీర్పు సందిగ్ధమగును.

మూడవ సందేహము అన్నిటికంటె గట్టిది. 1978 నాటి వ్యాసమునకు వారే పెట్టిన పేరున, ధ్వనిమార్పు పదములవెంటనేగాక ప్రాంతముల వెంటను వ్యాపించునని యున్నది. అనగా ఇరుగుపొరుగు భాషలు ఒకదానినుండి యొకటి మార్పును అంటించుకొనును. కొండలలో ఒకే సంతకు వచ్చువారు మూడుభాషలు మాటలాడుదురు. ఒక్కొక్క ఇంట అత్తది ఒక భాష, కోడలిది వేరొక భాష. అట్టిచోట మార్పు తల్లినుండి కూతురికి మాత్రమే సంక్రమించునని, పొరుగింటినుండి రాదని ఎట్లు చెప్పుట? 1983 నాటి వంశవృక్షము చీలికను చూపును, కలయికను చూపదు. ఐదేండ్లకు పూర్వము తామే తెరచిన కిటికీని లెక్కకొరకు కొంత మూసిరని మా యభిప్రాయము. యంత్రమునకు చెట్టు గీచుట సులభము, సంతను గీచుట కష్టము. కాని యంత్రమునకు సులభమైనదంతయు సత్యము కాదని శాస్త్రజ్ఞుడు మరువరాదు.

ఈ లోపములు పద్ధతిని కొట్టివేయునవి కావు, ముందునకు నడుపునవి. వారి తరువాతి వారు అట్లే నడపిరి. 2009లో తారకరామ, సుధీర్ కొలచిన, లక్ష్మీబాయిగార్లు దక్షిణమధ్యద్రావిడ భాషలనే గైకొని, జీవశాస్త్రజ్ఞులు ప్రాణులవంశములకు వాడు గణితరీతులను వాటిపై పరీక్షించిరి. 2018లో విష్ణుప్రియ కొలిపాకంగారు, యూరపునందలి మరికొందరు శాస్త్రజ్ఞులును కలిసి 20 ద్రావిడభాషలనుండి నూరేసి మౌలికపదములను సేకరించి, సంభావ్యతాగణితముచే వాటి వంశమును లెక్కించిరి. ద్రావిడకుటుంబపు వయస్సు సుమారు 4,500 ఏండ్లని వారి ఫలితము. శాఖల విషయమున వారు పోల్చిచూచుకొన్న ప్రమాణములలో కృష్ణమూర్తిగారు 2003లో కేంబ్రిడ్జి ముద్రణాలయమున ప్రకటించిన ‘ది ద్రవిడియన్ లాంగ్వేజెస్’ ముఖ్యమైనది. ద్రావిడభాషలనుగూర్చి లోకమున ఎచ్చట ఎవరు వ్రాసినను ఆ గ్రంథమును తెరువక తప్పదు. మొదటి రెండు కొలతలయందును వారికి నూటికి నూరుపాళ్లు ఇయ్యవలసినదే.

ఇక మూడవ కొలత. ఇక్కడ న్యాయముగా ముందు చెప్పవలసినది మాండలికవృత్తిపదకోశము. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున వ్యవసాయపదముల సంపుటమును, 1971లో చేనేతపదముల సంపుటమును కృష్ణమూర్తిగారు వెలువరించిరి. పండితులు బల్లయొద్ద కూర్చుండి కూర్చిన నిఘంటువులు కావవి. జిల్లాజిల్లాకును పోయి, నాగలిపట్టినవానిని, మగ్గమెక్కినవానిని అడిగి, ఏ వస్తువునకు ఏ సీమలో ఏ పేరో వ్రాసికొని కూర్చినవి. ఆ పదములనుబట్టియే తెలుగునకు తూర్పు, దక్షిణము, ఉత్తరము, మధ్యము అను నాలుగు మండలములు ఏర్పడినవి. విశాఖపట్టణము తూర్పుమండలములోనిది. అక్కడి నుడి మోటుదని నవ్వినవారికి, అది తప్పు తెలుగు కాదు, వేరొక తెలుగు అని ఆ సంపుటములు నేర్పినవి. 1974లో వారు సంపాదకులై వెలువరించిన ‘తెలుగు భాషాచరిత్ర’ కళాశాలలలో ఎందరికో దారి చూపినది. కావున తెలుగువారికి వారేమియు తిరిగి ఇయ్యలేదనుట అపవాదమగును.

కాని ఆ చెల్లింపు సగమే. 1978, 1983 నాటి వ్యాసములు, 2003 నాటి మహాగ్రంథము ఆంగ్లమున నున్నవి. శాస్త్రము లోకసామాన్యమగుటకు ఆంగ్లము అవసరమే. దానిని మేము నిందింపము. అయితే తెలుగును గోండి, కువి భాషల తోబుట్టువుగా నిరూపించిన విషయము పాఠశాలలలో చదువు మన బాలుని చెవి నెంతవరకు సోకినది? కోయవానిని, కొండదొరను చూచి వెక్కిరించు పట్టణబాలునికి, వాని రోలు వీని రోలు ఒకటేయని ఎవరు చెప్పినారు? శాస్త్రముచే తొలగవలసిన దురభిమానము శాస్త్రజ్ఞుల పత్రికలలోనే తొలగి, వీధిలో అట్లే నిలిచియున్నది. ఇది కృష్ణమూర్తిగారి దోషముగా నెంచుట ధర్మము కాదు. వారు చేయవలసినది చేసిరి. దానిని తెనిగించి పంచవలసినవారము మనము.

కూబిజనులమాట చెప్పనక్కరలేదు. ఒకప్పుడు విశాఖపట్టణము జిల్లాలోనిదై, 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన అరకున, వారి పిల్లలు తెలుగుబడికి పోయి తెలుగువారగుచున్నారు. ఈ శతాబ్దారంభమున కొండ, కువి, సవర, కోయ మున్నగు భాషలలో చిన్నతరగతులకు వాచకములు సిద్ధముచేయు ప్రయత్నము ప్రభుత్వమున జరిగినది. అది మంచి ప్రయత్నము. కాని వాచకమున్నంతమాత్రమున భాష నిలువదు. ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుడుండవలెను, ఆ భాష మాటలాడినందుకు పిల్లవాడు సిగ్గుపడని పట్టణముండవలెను. మారని మాట బలవత్తరమైన సాక్షి అని 1983 నాటి వ్యాసము చెప్పినది. ఆ మాట పలుకువారే లేనినాడు సాక్షి యెక్కడ? లెక్క నిలుచును, లెక్కింపబడినవారు పోవుదురు. ఇంతకంటె విషాదకరమైన శాస్త్రవిజయము వేరొకటి లేదు.

ఈ మాట నేడు మరింత గట్టిగా చెప్పవలసివచ్చినది. మనుష్యుని భాషను చదివి, వ్రాసి, బదులు చెప్పు గణనయంత్రములు మన కాలమున వెలసినవి. అవి లోకమున వ్రాతరూపమున నున్నదానినే తిని పెరుగునవి. వార్తాపత్రికల తెలుగు వాటికి కొంత వచ్చును. గొల్లవాని తెలుగు, జాలరి తెలుగు అంతగా రాదు. కూబి అసలే రాదని చెప్పవచ్చును. యంత్రము తన తెలివిని గాలిలోనుండి తీయదు. 945 వృక్షములను గీచిన యంత్రమునకు ముందు, ఒక మనుష్యుడు అరకులో మరియొక మనుష్యుని యెదుట కూర్చుండి మాటమాటయు వ్రాసికొనవలసివచ్చినది. ఆ కూర్చుండుట లేక యంత్రము శూన్యము. కృష్ణమూర్తిగారి కృషినుండి గణనభాషాశాస్త్రము నేర్చుకొనవలసిన ప్రథమపాఠము ఇదియేగాని వారి సూత్రము కాదు. సూత్రములు మారుచుండును, మేలైన పదసంగ్రహము పాతబడదు. 1983 నాటి సామగ్రి తరువాతి తరమునకు క్రొత్తరీతులతో పనికివచ్చుటయే ఇందుకు నిదర్శనము.

విశాఖపట్టణము ఈ పనికి తగిన స్థలము. అచట విశ్వవిద్యాలయమున్నది, యంత్రవిద్య నేర్చిన యువకులు వేలకొలది యున్నారు. తెప్పలు, అలివివలలు, గాలులు, నీటివాలులు వీటి పేర్లు జాలరిపేటల వృద్ధుల నాలుకలపై ఇంకను నిలిచియున్నవి. రేవులో కలాసీలు బరువులెత్తుటకు వాడు మాటలు, 1992లో జాతికి అంకితమైన ఉక్కుకర్మాగారమున కొలిమియొద్ద పనివారు ఆంగ్లమును తెలుగును కలిపి పుట్టించుకొన్న మాటలు, ఇవియు తెలుగే. నాగలికిని మగ్గమునకును జరిగిన మర్యాద కొలిమికిని తెప్పకును జరుగవలదా? వ్యవసాయకోశమునకు పాటుపడిన విధముననే రేవుకును ఉక్కుకును ఒక కోశము కూర్చినచో, అది తూర్పుమండలపు నుడికి గౌరవము, యంత్రములకు ఆహారము, పనివారికి అద్దము కాగలదు. అటులనే కూబి, కువి, సవర భాషల మాటలను ఆ భాషలవారి కంఠములతోనే పదిలపరచి, వారి బడులకే ముందు పంచి, పండితులకు తరువాత ఇయ్యవలెను. ఈ క్రమము తారుమారు కారాదు.

పండితుని ప్రభావమనగా అతని పేరు ఎన్నిచోట్ల వ్రాయబడినదనుట కాదు. అతడు మొదలిడిన పని ఎన్నిచేతులలో సాగుచున్నదనుట. కృష్ణమూర్తిగారి పేరు గ్రంథసూచికలలో క్షేమముగానే యున్నది. దానికి మన రక్షణ యక్కరలేదు. వారు లెక్కించిన మాటలకు, ఆ మాటలు పలుకు నోళ్లకు మన రక్షణ కావలెను. ఈ పని చేయగలవారు నేడు ఉన్నారు. చేయుటకు తగిన కాలము మాత్రము వృద్ధులతో పాటు తరిగిపోవుచున్నది.